రాజుగారి చెవిటి చిత్రకారుడూ, మా ఇంటి క్యాసెట్లూ

కువైట్ యుద్ధం రోజుల్లో సౌదీ క్యాంపులో నాకు ధైర్యవంతుడని పేరొచ్చింది. ఊరికే వచ్చిన పేరు అది, నేను సంపాదించుకున్నది కాదు.

అప్పుడు మా కంపెనీ క్యాంపు అల్ ఖోబర్ శివార్లలో ఉండేది. మిసైళ్లు వస్తున్నాయని సైరన్ మోగినప్పుడల్లా మావాళ్లు తడి తువ్వాళ్లు తలుపుల కింద దోపి, నడవాలో ఒకరి పక్కన ఒకరు ముడుచుకుని కూర్చునేవారు. ఒకనాటి సాయంత్రం అందరూ అలా కూర్చుని ఉంటే, నేను గదిలో నేల మీద రేకు పరుచుకుని పక్క వీధి చిల్లర కొట్టుకు బోర్డు రాస్తున్నాను. అరబ్బీ నాకు రాదు. కొట్టువాడు కాగితం మీద రాసిచ్చిన అక్షరాలను బొమ్మల్లా చూసి దించేవాణ్ని. పైన పెట్టాల్సింది ఒక చుక్కా, రెండా అని కాగితంలోకి తొంగి చూసి తలెత్తేసరికి గుమ్మంలో మా బస్సు డ్రైవరు నిలబడి ఉన్నాడు. హైదరాబాద్ పాతబస్తీ మనిషి. అందరం భాయ్ అనేవాళ్లం.

“ఏం దిల్ ఉన్నది అన్నా నీకు! సైరన్ గంతగనం మొత్తుకుంటుంటే బోర్డు రాస్తున్నవా? డర్ లేదా?”

నేను మీసం దువ్వుకున్నంత పని చేసి నవ్వాను. సైరనే వినబడలేదని చెప్పలేదు. ఏసీ హోరులో వినబడి ఉండదులే అనుకున్నాను. ఉత్తపుణ్యానికి వచ్చిన పేరును కాదనడానికి నాకేమన్నా పిచ్చా? ఆ వారమంతా అన్నాల దగ్గర నా ధైర్యం గురించే చెప్పుకున్నారు.

జగిత్యాలలో నేను సినిమా బ్యానర్లు రాసేవాణ్ని. ఇరవై అడుగుల హీరో ముఖం, బుగ్గన గులాబీ రంగు, కళ్లల్లో రెండు తెల్ల చుక్కలు. ఎన్నికలొస్తే నాయకుల బొమ్మలు. బక్క నాయకుడికి బుగ్గలు పెంచడం, బట్టతలకు నాలుగు వెంట్రుకలు నాటడం మా వృత్తిధర్మం. పెయింటర్ వీసా ఉందని ఏజెంటు చెబితే, సౌదీలో కూడా సినిమా హాళ్లుంటాయి కాబోలు అనుకుని, కుంచెల డబ్బాను కొత్త తువ్వాలులో చుట్టుకుని విమానమెక్కాను. అక్కడ హాళ్లూ లేవు, బొమ్మలూ లేవు. షాంపూ సీసా మీది ఆడమనిషి ముఖానికి కూడా నల్ల సిరా పూసి అమ్మేవారు. దిగిన మూడో రోజున ఫోర్‌మన్ నా కుంచెల డబ్బా పక్కన పెట్టించి, నెత్తికి ముఖం దాకా మూసే హుడ్ తొడిగి, చేతికి రబ్బరు గొట్టం ఇచ్చాడు. పేరు గొప్ప, ఊరు దిబ్బ.

ఆ పనిని బ్లాస్టింగ్ అంటారు. గాలి ఒత్తిడితో ఇసుకను ఇనుము మీదికి కొట్టి, తుప్పంతా లేపేసి, తెల్లగా మెరిసేలా చేయాలి. ఆ తర్వాతే రంగు. కంప్రెసర్ ఒక పక్క, గొట్టం ఒక పక్క, హుడ్ లోపల ఎవరి మాటా ఎవరికీ వినబడదు. అందుకని గొట్టంతోనే మాట్లాడుకునేవాళ్లం. మిషన్ దగ్గరి మనిషి గొట్టాన్ని రెండుసార్లు గుంజితే ఆపమని, మూడుసార్లు గుంజితే బయటికి రమ్మని. పని దిగాక కూడా గట్టిగానే అరుచుకునేవాళ్లం. మాటకు ముందొక ‘ఆఁ?’, మాట తర్వాతొక ‘ఆఁ?’. అందరూ చెవుడు తెచ్చుకుంటున్న చోట ఒక్కడి చెవుడు ఎవరికి కనబడుతుంది? నాకే కనబడలేదు.

ఇంతకూ నాకు చెవులతో ఉన్న అవసరమల్లా ఇంటి నుంచి వచ్చే క్యాసెట్ల కోసమే. మా ఆవిడకు చదువు రాదు. ఉత్తరమైతే ఇంకొకరు రాసిపెట్టాలి, నాది వస్తే ఇంకొకరు చదివిపెట్టాలి. మన మాట మధ్యలో ఇంకో మనిషి ఎందుకు అనేది ఆమె. అందుకని నెలకొక క్యాసెట్. వెళ్లేవాళ్ల చేతికి నాదిచ్చేవాణ్ని, వచ్చేవాళ్ల చేతికి ఆమె ఇచ్చేది. మా వాడకట్టులో మగవాళ్లు గల్ఫ్‌కు వెళ్లిన ఇళ్లన్నిటిలో ఒక పద్ధతి ఉండేది. క్యాసెట్ మొదటి వైపు అందరిదీ. క్యాసెట్ వచ్చిందంటే చుట్టాలూ ఇరుగుపొరుగూ వచ్చి టేపురికార్డరు చుట్టూ కూర్చుంటారు. పేరుపేరునా అందరి బాగోగులూ అడగాలి, ఒక్కరిని మరిచామా ఏడాది పాటు మాట పడాలి. రెండో వైపు భార్యది. అది పెట్టుకునేటప్పుడు ఆమె తలుపు మూసుకుంటుంది, ఎవరూ ఏమీ అనుకోరు. అక్కడి నుంచి వచ్చేదీ అంతే. మొదటి వైపు వానలు, బర్రె, బిడ్డ అప్పజెప్పే పద్యం, అత్తమ్మ మోకాళ్లు. అత్తమ్మ అంటే మా ఆవిడ తల్లి, మా ఇంట్లోనే ఉండేది. రెండో వైపు నాది. ఆ రెండో వైపు ఉంది గనకే నేను అన్నేళ్లు ఆ ఇసుకలో నిలిచాను, ఇందులో దాచేదేమీ లేదు.

యుద్ధం ఆగింది. కువైట్ నూనె బావుల పొగ కొన్నాళ్లు మా మీదికి వచ్చి, ఆరేసిన బట్టల మీద మసి పడేది. తర్వాత కంపెనీ మమ్మల్ని యాన్బు పంపింది. దేశానికి ఈ చివరి నుంచి ఆ చివరికి, ఒక సముద్రం నుంచి ఇంకో సముద్రానికి, భాయే బస్సు తోలాడు. అక్కడ పెద్ద పెద్ద ట్యాంకుల లోపలి గోడలు బ్లాస్ట్ చేసి రంగు వేయాలి. యాన్బులో మొదటి క్యాసెట్ పెట్టినప్పుడు నా టేపురికార్డరు చెడిపోయిందనుకున్నాను. బ్యాటరీలు మార్చాను. భాయ్ దగ్గరిది తెచ్చి పెట్టాను. భాయ్ మాట వినబడుతోంది, ఫోర్‌మన్ అరుపు వినబడుతోంది, క్యాసెట్‌లో మాత్రం పక్కింట్లో ఎవరో మాట్లాడుకుంటున్నట్టు గుసగుస. బిడ్డ పద్యం దగ్గర అది కూడా లేదు. క్యాసెట్టే పాడయిందని తేల్చుకున్నాను. జవాబు మాత్రం ఇచ్చాను. ఆమె ఏమంటుందో నాకు తెలియనిదా? వానలకు వానల జవాబు, బర్రెకు బర్రె జవాబు.

ఆ ట్యాంకుల్లోనే మళ్లీ బొమ్మలు వేయడం మొదలుపెట్టాను. బ్లాస్ట్ చేసిన ఇనుము మీద ఆ పూటే ప్రైమర్, అంటే మొదటి పూత, పడాలి, లేకపోతే సముద్రపు గాలికి మళ్లీ తుప్పు లేస్తుంది. ఆ మధ్యన ఒక అరగంట ఖాళీ దొరికేది. తెల్లగా మెరిసే అంత పెద్ద గోడ ముందు సుద్దముక్కతో ఊరికే నిలబడటం నా వల్ల కాలేదు. ఫోర్‌మన్ ముఖం వేసేవాణ్ని, వంటవాడి ముఖం వేసేవాణ్ని. ఎవరికీ చూపించేది కాదు గనక బుగ్గలు పెంచే పని లేదు. ఎవరు ఎలా ఉంటే అలా. ప్రైమర్ వచ్చేలోపు గుడ్డతో తుడిచేసేవాణ్ని.

ఒకరోజు గీస్తుంటే భుజం మీద చెయ్యి పడింది. వెనక్కి తిరిగితే ఇన్‌స్పెక్టర్. స్పెయిన్ దేశస్థుడు, అరవై దాటిన మనిషి. ఇనుము శుభ్రంగా ఉందో లేదో చూసి, సంతకం చేస్తేనే రంగు వేయాలి. గోడ మీద ఉన్నది ఆయన ముఖమే. పెద్ద ముక్కు, ఒక రెప్ప కొంచెం జారిన కన్ను, గడ్డం కింద వేలాడే చర్మం. తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను. రంగు కింద సుద్ద మిగిలితే రంగు ఊడుతుంది, ఆయన ఒక్క మాట రాస్తే నా పని ఊడుతుంది. ఆయన చాలాసేపు చూశాడు. తన ముక్కును తానే తడుముకున్నాడు. తర్వాత తుడిచేయమని సైగ చేసి, పూర్తిగా పోయేదాకా నిలబడి చూసి, సంతకం చేసి వెళ్లిపోయాడు.

మర్నాడు మధ్యాహ్నం భోజనం వేళ నన్ను తన క్యాబిన్‌కు పిలిచాడు. బల్ల మీద పొయ్యి రాయంత బరువున్న పుస్తకం. ముట్టుకోబోతే ఆపి, చేతులు కడుక్కుని రమ్మన్నాడు. నిండా బొమ్మలు. వాళ్ల దేశంలో రెండు వందల ఏళ్ల కిందటి రాజదర్బారు చిత్రకారుడివట. మా ఇద్దరికీ ఉమ్మడి భాష లేదు. సైట్లో అందరం మాట్లాడుకునే కలగాపులగమే గతి, నాలుగు ఇంగ్లీషు ముక్కలు, నాలుగు అరబ్బీ ముక్కలు.

“దిస్ మేన్, మలిక్ పెయింటర్. నంబర్ వన్,” అన్నాడు. మలిక్ అంటే రాజు.

అలా ఆ చలికాలమంతా, వారానికి రెండు మూడు రోజులు, అన్నం తిన్నాక పావుగంట చొప్పున ఆ చిత్రకారుడి జీవితం నాకు తెలిసింది. తండ్రి బంగారు రేకు అంటించే పనివాడు, చర్చిల్లో విగ్రహాలకూ చట్రాలకూ పైపూత పూసేవాడు. అంటే మా కులమేనన్నమాట, పైపూత కులం. ఈయన పల్లె నుంచి రాజధానికి వచ్చి, మొదట్లో రాజుగారి గదుల్లో వేలాడదీసే నేత తెరలకు బొమ్మలు వేసిచ్చాడు. గాలిపటాలు ఎగరేసేవాళ్లు, కళ్లకు గంతలు కట్టుకుని ఆడుకునేవాళ్లు, దుప్పట్లో గడ్డిబొమ్మను వేసి ఎగరేసే ఆడవాళ్లు. చూస్తుంటే హాయిగా ఉండేది. ఏళ్ల తరబడి వాటితోనే నెట్టుకొచ్చి, ఆఖరికి దర్బారులో చేరాడు. రాజు తుపాకీ పట్టుకుని కుక్కతో నిలబడితే వేశాడు, రాణి వెడల్పాటి గౌను తొడుక్కుని నిలబడితే వేశాడు.

“దెన్ సిక్. వెరీ సిక్,” అని ఇన్‌స్పెక్టర్ తల బల్ల మీద ఆనించి చూపించాడు. నలభై ఏళ్లు దాటాక ఏదో పెద్ద జబ్బు చేసిందట, నెలల తరబడి మంచాన పడ్డాడట. లేచి చూసుకుంటే చెవులు లేవు. “ఇయర్ మాఫీ. ఫినిష్.” మాఫీ అంటే లేదు అని.

ఆ మాట అని, ఆయన వేలు నా వైపు చూపించాడు. నువ్వూ అంతే కదా అన్నట్టు.

“నో నో. ఐ హియర్ గుడ్,” అన్నాను.

ఆయన లేచి, నాకు వీపు పెట్టి కిటికీ వైపు తిరిగాడు. కాసేపటికి మళ్లీ ఇటు తిరిగి, నేనేమన్నాను అన్నట్టు చేతులు చాపాడు. ఆ మధ్యలో ఆయన మాట్లాడాడని కూడా నాకు తెలియదు. అంతవరకూ నేను ఆయన పెదవులు చూసే మాటలు పోల్చుకుంటున్నానని అప్పుడు అర్థమైంది. నాకు చెప్పలేనంత కోపం వచ్చింది, చెవుల మీద కాదు, ఆయన మీద. లేచి వచ్చేశాను. సాయంత్రం బస్సులో క్యాసెట్ సంగతి గుర్తొచ్చింది. క్యాసెట్ పాడు కాలేదు. ఆడవాళ్ల గొంతులూ, పిల్లల గొంతులూ ముందు పోతాయట, ఈ సంగతి తర్వాత డాక్టరు చెప్పాడు. భాయ్ మాట ఇంకా వినబడుతూనే ఉంది. పోయింది మా ఆవిడ గొంతు.

నాలుగు రోజులు అలిగి, ఐదో రోజు నేనే క్యాబిన్‌కు వెళ్లాను. బొమ్మల కోసం వెళ్లానని చెప్పుకున్నాను గాని, చెవులు పోయినవాడి గతి ఏమైందో తెలుసుకోవాలని వెళ్లాను. ఇన్‌స్పెక్టర్ ఏమీ జరగనట్టు పుస్తకం తెరిచాడు. అప్పటికే మా జట్టు మొత్తానికి చెవులకు పెట్టుకునే మఫ్లు తెప్పించాడు. నా వరకు అది చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే గాని, మిగతావాళ్లకు మేలే జరిగింది.

చెవులు పోయినా ఆ చిత్రకారుణ్ని దర్బారు నుంచి ఎవరూ పంపేయలేదట. వేళ్లతో అక్షరాలు చూపించి మాట్లాడటం నేర్చుకున్నాడట. పైగా దర్బారులో మొదటి చిత్రకారుడయింది చెవులు పోయాకే. ఆ తర్వాతే రాజుగారి కుటుంబాన్నంతా నిలబెట్టి పెద్ద బొమ్మ వేశాడు. ఆ బొమ్మ చూసి నేను నోరు తెరిచాను. జరీలు, పతకాలు ధగధగ మెరుస్తున్నాయి, ముఖాలు మాత్రం మామూలు మనుషుల ముఖాలు. రాజు బుగ్గలు ఉబ్బి, సుష్టుగా భోంచేసి లేచిన షావుకారులా ఉన్నాడు. రాణి ఎవరితోనో పోట్లాడబోతున్నట్టు ఉంది. వెనక రాజుగారి ముసలి అక్కగారు, ఆమె కణత మీద నల్లటి పట్టీ లాంటి మచ్చ. దాన్ని కూడా వదలలేదు. మా ఊళ్లో ఏ దొరకైనా ఇలా వేసి ఇస్తే నన్ను చింతచెట్టుకు కట్టేసేవారు.

“మలిక్ యాంగ్రీ?” అని అడిగాను.

“మలిక్ హ్యాపీ,” అని ఇన్‌స్పెక్టర్ నవ్వి, బొమ్మలో ఎడమ వైపు వెనకగా చీకట్లో వేలు పెట్టాడు. అక్కడ, పెద్ద చట్రం వెనకాల, చిత్రకారుడు తనను తాను వేసుకున్నాడు. అందరి వెనక నిలబడి, ఏమీ వినకుండా, చూస్తూ.

తర్వాత వాళ్ల దేశం మీదికి పరాయి సైన్యం వచ్చిందట. “హర్బ్,” అన్నాడు ఇన్‌స్పెక్టర్, యుద్ధం. ఆ పేజీలు గబగబా తిప్పేయబోతే చెయ్యి అడ్డం పెట్టాను. తుపాకులు పట్టుకున్నవాళ్లకు ముఖాలు లేవు, వీపులే. చావబోతున్నవాళ్లకే ముఖాలున్నాయి. తెల్ల చొక్కా మనిషి రెండు చేతులూ చాపి ఉన్నాడు. మా యుద్ధంలో నేను చూసింది బట్టల మీది మసి మాత్రమే. ఆ పొగ కింద కూడా ఇలాంటి ముఖాలు ఉండి ఉంటాయి కదా అని మొదటిసారి అనిపించింది. నన్ను ధైర్యవంతుడన్న మాట గుర్తొచ్చి సిగ్గేసింది.

ముసలితనంలో ఊరి బయట ఇల్లు కొనుక్కుని, ఆ ఇంటి గోడల మీద తనకోసం తాను బొమ్మలు వేసుకున్నాడట. ఎవరూ వేయమనలేదు, ఎవరికీ చూపించలేదు. నల్లటి బొమ్మలు, భయం పుట్టించేవి. అన్నం తినే గది గోడల మీద కూడా అవేనట. ఇన్‌స్పెక్టర్ దూరంగా ట్యాంకు వైపు చూపించి, “యూ సేమ్,” అన్నాడు. ఆఖరికి ఆ దేశంలో ఉండలేక, ఒంట్లో బాగాలేదు, ఒంటికి మేలు చేసే ఊటనీళ్ల స్నానాలకు పక్క దేశం పోతానని రాజును సెలవు అడిగాడట. రాజు సరేనన్నాకే కదిలాడు. నాకు పొట్ట చెక్కలయ్యేలా నవ్వొచ్చింది. అంత గొప్ప చిత్రకారుడికి కూడా మాకున్నట్టే కఫీల్, అంటే వీసా ఇచ్చిన యజమాని, ఉన్నాడు, దేశం దాటాలంటే కఫీల్ ఒప్పుకోవాలి. ఇన్‌స్పెక్టర్‌కు నా నవ్వు అర్థం కాలేదు. పరాయి దేశంలోనే పోయాడని చెప్పి పుస్తకం మూశాడు.

ఇంత తెలుసుకున్నవాణ్ని, ఇంటికి నిజం చెప్పొచ్చు కదా. చెప్పలేదు. క్యాసెట్లు వస్తూనే ఉన్నాయి, నేను వాటిని చెవికి ఆనించుకుని, ఏమీ వినకుండా జవాబులు పంపుతూనే ఉన్నాను. భాయ్ చేత వినిపించుకోవచ్చు, కానీ రెండో వైపు? మన మాట మధ్యలో ఇంకో మనిషి ఎందుకన్న ఆవిడ మాట అడ్డం వచ్చేది. చెవిటివాడి ముందు శంఖం ఊదితే, ఏం కొరుకుతున్నావు అన్నాడట వెనకటికొకడు. నా జవాబులు అలాగే నడిచాయి. వేసవి మొదట్లో వచ్చిన క్యాసెట్‌కు కూడా అంతే. మొదటి వైపు నిండా అందరినీ పలకరించి, అత్తమ్మ కోసం మోకాళ్ల నొప్పుల మందు డబ్బా పంపి, “అత్తమ్మా, ఇది రాసుకుంటే నువ్వు బర్రె ఎనుక ఉరుకుతవ్” అని హాస్యమాడాను.

ఆ తర్వాత క్యాసెట్లు ఆగిపోయాయి. ఒక నెల, రెండు నెలలు, మూడు నెలలు. అప్పుడు పక్క ఊరి మేస్త్రీ ఒకతను కొత్త వీసా మీద యాన్బు వచ్చాడు. కూర్చోబెట్టి చాయ్ ఇచ్చాను. గట్టిగా మాట్లాడే మనిషి, అతని మాట నాకు బాగానే అందింది.

“మీ అత్తమ్మ పోయినప్పటిసంది మీ ఇంటామె మనిషి మనిషిల లేదే,” అన్నాడు.

“ఎప్పుడు పోయింది?” అన్నాను.

అతను చాయ్ గ్లాసు కింద పెట్టాడు. “అదేందే, ఆమె క్యాసెట్ల చెప్పి పంపింది గద. రెండో మాసికం నాడు నీ క్యాసెట్ ఒచ్చింది. అల్లుడేమో చెప్పిండని అందరు కూసొని పెట్టిండ్రు. నువ్వు సచ్చిపోయినామెకు మందు పంపితివి, బర్రె ఎనుక ఉరుకుతవ్ అంటివి. నీ పెండ్లాం టేప్ బంద్ జేసి లోపటికి పోయింది.”

ఆమె తల్లి పోయిందని ఏడుస్తూ చెబితే నేను వినలేదు. ఊరి ముందర, మాసికం నాడు, ఆ ముసలామెను ఆటపట్టించాను. నా బతుకులో అంతగా సిగ్గుపడింది, అంతగా ఏడ్చింది లేదు. మేస్త్రీ వెళ్లిపోయాక ఆ పాత క్యాసెట్ తీసుకుని భాయ్ దగ్గరకు వెళ్లి, వినిపెట్టమన్నాను. రెండు వైపులూ వినమన్నాను. భాయ్ విన్నాడు. మొదటి వైపు చెప్పాడు. రెండో వైపు సగం విని, కళ్లు తుడుచుకుని, “అమ్మ లేదు, ఇప్పుడు నువ్వు రావాలె అంటున్నది అన్నా. ఇంక నేను వినను,” అని తీసేశాడు. మిగతాది నేనూ అడగలేదు.

నా గొంతుతో ఇంకో క్యాసెట్ పంపితే ఆమె బటన్ నొక్కుతుందన్న నమ్మకం నాకు లేదు. ఉత్తరం రాస్తే ఎవరో చదవాలి. ఆమెకు నేరుగా అందేది నా దగ్గర ఇంకొకటే ఉంది. పారేసిన కంపెనీ డ్రాయింగు కాగితాల వెనక వైపు బొమ్మలు వేశాను. హుడ్ తొడుక్కున్న నేను. కంప్రెసర్, దాని పక్కన నా చెవి. ఇన్‌స్పెక్టర్ అటు తిరిగి మాట్లాడుతుంటే ఇటు నేను దిక్కులు చూడటం. ఆమె క్యాసెట్‌ను చెవికి నొక్కుకుని కూర్చున్న నేను. పక్కన మేస్త్రీ, కింద పెట్టిన చాయ్ గ్లాసు. టేపురికార్డరు ముందు భాయ్, అతని కళ్లల్లో నీళ్లు. అది కూడా దాచలేదు.

చివరి కాగితం మీద అత్తమ్మ. ఆమెకు ఫొటో లేదు, తీయించుకోనంది. మొదటిసారి వేసినప్పుడు పాత అలవాటు పోక బుగ్గలు నింపాను, నుదుటి ముడతలు తగ్గించాను. భాయ్ చూసి, “కౌన్ అన్నా, దేవతనా?” అన్నాడు. చింపేశాను. రాజుగారి అక్క కణత మీది మచ్చను వదలని ఆయన గుర్తొచ్చాడు. మళ్లీ కూర్చున్నాను. గడ్డం మీది పచ్చబొట్టు, ముందుకు పొడుచుకొచ్చిన ఒక్క పన్ను, వేళ్ల మధ్య చుట్ట, ఎప్పుడూ ఎవరినో కసురుకోబోతున్న కళ్లు. మూడు శుక్రవారాలు పట్టింది. అప్పటికే యాన్బులో ఉన్న మేస్త్రీ తమ్ముడు ఊరికి వెళుతుంటే కట్ట కట్టి ఇచ్చాను.

రెండు నెలలకు క్యాసెట్ వచ్చింది. భాయ్ చెవికి పెట్టుకుని, ఒక్కో మాట విని ఆపి, నా ముఖంలోకి చూసి చెప్పాడు.

“చెవులు పోయినయని ముందుగాల ఎందుకు చెప్పకపోతివి? నేను పరాయిదాన్నా? ఊర్ల నా ఇజ్జత్ తీసినవ్. బొమ్మలు అందరికి చూపిచ్చిన. అవ్వ అచ్చం గట్లనే గుడ్లురుముతుండె. నీ బిడ్డ చూసి అమ్మమ్మ తిడుతదని ఎనుకకు జరిగింది. గోడకు పెట్టిన.” అక్కడ భాయ్ టేపు ఆపి, ఇది నాకట అన్నట్టు తన మీద వేలు పెట్టుకున్నాడు. “అన్నా, ఇది వినేటాయనా, నీకు దండం. నా బాధ విని ఏడ్చినవని బొమ్మల చూసిన. ఈ దిక్కు నువ్వు విను, ఆయనకు చెప్పు. రెండో దిక్కు మాత్రం పెట్టకు. అది ఆయనది.”

భాయ్ వెంటనే క్యాసెట్ తీసి, రెండు చేతులతో నాకిచ్చాడు. ఆ తర్వాత నేను బతిమాలినా ముట్టుకోలేదు.

దేశం వదిలి వెళ్లడానికి ఎగ్జిట్ వీసా దొరకడానికి ఇంకో ఏడాదిన్నర పట్టింది. ఆ ఏడాదిన్నరా ప్రతి శుక్రవారం మధ్యాహ్నం, గదిలో అందరూ నమాజుకో బజారుకో వెళ్లాక, ఆ రెండో వైపు పెట్టుకునేవాణ్ని. స్పీకరు మీద అరచెయ్యి ఆనించి కూర్చునేవాణ్ని. సన్నగా వణికేది. ఇక్కడ తిడుతోంది, ఇక్కడ ఏడుస్తోంది, ఇక్కడ రమ్మంటోంది అని లెక్కపెట్టుకునేవాణ్ని. పైకే జవాబులు చెప్పేవాణ్ని.

ఇంటికి వచ్చిన నాలుగో రోజు పొద్దున, వాకిట్లో వెలుతురు ఆమె ముఖం మీద పడేలా కూర్చోమని చెప్పి, అడిగాను.

“రెండో దిక్కు ఏం చెప్పినవ్?”

ఆమె నా కళ్లల్లోకి చూస్తూ, పెదవులు కనబడేలా మెల్లగా అంది. “ఏం చెప్పలే.”

“ముప్పై నిమిషాలు నడుస్తది గద.”

“బటన్ ఒత్తి, నీ ముందట కూసున్నట్టు కూసున్న. అది అయిపోయేదాక కూసున్న. మాట్లాడినా నువ్వు ఎట్లాగూ ఇనవాయె.”

“మరి భాయ్‌ని ఇనొద్దని ఎందుకన్నవ్?”

“ఉత్త క్యాసెట్ పంపింది, పిచ్చిదనుకోడా?”

నా అరచేతికి తగిలిన వణుకు మిషన్ మోటారుదన్నమాట. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు, రెండూ చేశాను. ప్రతి శుక్రవారం నేను స్పీకరు మీద చెయ్యి పెట్టి జవాబులు చెప్పానని ఆమెకు చెప్పాను. ఆమె నవ్వలేదు. పీట ఇంకొంచెం దగ్గరకు జరుపుకుంది.

“ఏమని చెప్పినవ్?” అని అడిగింది.

మొదటి శుక్రవారం నుంచి చెప్పడం మొదలుపెట్టాను.